సర్వేయర్ తాతగారి రిజిస్టరు

మా పేటలో పెద్దవాళ్లు ఆయన్ని సర్వేయర్ గారు అనేవారు, పిల్లలం సర్వేయర్ తాతగారు అనేవాళ్లం. ఉద్యోగమంతా ఊళ్లు తిరిగి, గొలుసు పట్టి భూములు కొలిచిన మనిషి. రిటైరై మా వీధిలో ఇల్లు కట్టుకున్నాక ఆయన కొలిచినవన్నీ హోర్డింగులే. అనుమతి లేకుండా లేచినవి, ఒక కొలతకి అనుమతి తీసుకుని రెండింతలు పెంచినవి, ఫుట్‌పాత్ మీద కాళ్లు పాతినవి. ఆ కొలతలన్నీ రాసిన రిజిస్టరు ఈమధ్య నా దగ్గరికి చేరింది. ఆయన మనవరాలు ఇల్లు సర్దుతూ, "ఇది మీ దగ్గరుంటేనే బాగుంటుంది" అని ఇచ్చి వెళ్లింది. తిరగేస్తుంటే ఆ రోజులన్నీ కదిలాయి. మర్చిపోకముందే రాయాలనిపించింది.

మా పేటలో అంతకుముందు ప్రకటనలు లేవని కాదు. గోడల మీద రంగులతో రాసేవాళ్లు. పెయింటర్ వచ్చి ముందు గోడకి తెల్లసున్నం కొట్టేవాడు. ఆరాక దారానికి రంగుపొడి అద్ది, ఇద్దరు రెండు కొసలు పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద టప్‌మని తిన్నటి గీత పడేది. ఆ గీతల మధ్య అక్షరాలు నింపుతుంటే బడి నుంచి వస్తున్న పిల్లలం పుస్తకాల సంచులు అక్కడే దించేసి చూసేవాళ్లం. పెద్ద 'అ' ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో నాకు బాగా తెలిసింది ఆ గోడల దగ్గరే. ఇంటివాళ్లని అడిగి రాసేవాళ్లు, వద్దంటే పక్క గోడ చూసుకునేవాళ్లు. గోడ మీది రాత గోడంతే ఉంటుంది. ఇంటి ఎత్తు దాటదు, గాలికి ఊడి ఎవరి మీదా పడదు, చీకటి పడితే కనిపించదు. రెండు వానాకాలాలు గడిస్తే వెలిసిపోతుంది కూడా. ఆ ప్రకటనల మీద ఎవరూ విసుక్కోగా నేను వినలేదు.

ఫ్లెక్స్ ప్రింటింగ్ వచ్చాక లెక్క మారిపోయింది. పాలిస్టర్ వల మీద పీవీసీ పూత పూసిన గుడ్డ అది. ఎండకీ వానకీ ఆగుతుంది. ముక్కలు అతికించుకుంటూ పోతే ఎంత పెద్ద బొమ్మయినా తయారవుతుంది. చెయ్యి తిరిగిన పెయింటర్ రోజుల తరబడి వేసే బొమ్మని మిషన్ చూస్తుండగానే బయటికి తోసేది. బొమ్మ చవకయ్యేసరికి అసలు ఖర్చు ఇనుప ఫ్రేముకే మిగిలింది. ఒకసారి ఫ్రేము నిలబెడితే గుడ్డ మారుస్తూ ఏళ్ల తరబడి అద్దె తినొచ్చు. చట్టవిరుద్ధమైన హోర్డింగులు ఇన్ని పుట్టడానికి వేరే కారణం వెతకక్కర్లేదని ఇప్పటికీ నా నమ్మకం. గోడలు రాసిన పెయింటర్లలో ఒకాయన ఆ తర్వాత ఫ్రేములకి రెడ్ ఆక్సైడ్ పూసే పనికి వెళ్లాడు. మా వీధిలో కనిపిస్తే పలకరించేవాళ్లం. ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

మా కూడలిలో మొదటి పెద్ద హోర్డింగు శనివారం రాత్రి లేచింది. శనివారమే ఎందుకో తాతగారు తర్వాత చెప్పారు. ఆదివారం ఆఫీసులు ఉండవు, ఫిర్యాదు చేద్దామన్నా తీసుకునే నాథుడుండడు. సోమవారం పొద్దుటికి పని అయిపోయి బొమ్మ ఎక్కేస్తుంది. బొమ్మ ఎక్కాక దాన్ని దించాలంటే నోటీసు, గడువు, సంజాయిషీ, మళ్లీ నోటీసు. ఆ రాత్రంతా వెల్డింగ్ మెరుపులు మా కిటికీ మీద పడుతూనే ఉన్నాయి. తెల్లారి చూస్తే కూడలిలోని రెండంతస్తుల మేడ నెత్తిన ఆ మేడకంటే ఎత్తైన ఫ్రేము ఉంది. అక్కణ్ణించి పడమటి వైపు మాకో గుట్ట కనిపించేది. దాని మీద మబ్బు దిగితే ఇంకో గంటలో వాన అని మా అమ్మ ఆరేసిన బట్టలు తీసేది. ఆ రోజు నుంచి గుట్ట లేదు. దాని చోట ఎవరివో పళ్లు, మా ఇంటి గుమ్మమంత పళ్లు, నవ్వుతూ కనిపించాయి.

ఆ మేడ యజమాని చెడ్డమనిషి కాదు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారు, పింఛను చాలదు. నెలనెలా అద్దె వస్తుందన్నారు, అనుమతి కాగితాలన్నీ తామే చూసుకుంటామన్నారు, సంతకం పెట్టాడు. రెండేళ్లు తిరక్కుండా ఆయన పై అంతస్తు కప్పు కారడం మొదలైంది. స్లాబుకి చిల్లులు వేసి బోల్టులు బిగించిన చోటల్లా నీరు దిగుతోంది. గాలి వీస్తే అంత పెద్ద గుడ్డ తెరచాపలా లాగుతుంది కదా, ఆ లాగుడంతా స్లాబు మీదే పడుతుంది. పగుళ్లు వచ్చాయి. తీసేయండని ఆయనే అడిగాడు. ఒప్పందం గడువు ఇంకా ఉందన్నారు. ఆ తర్వాత మా వినతిపత్రాల్లో మొదటి సంతకం ఆయనదే ఉండేది.

ఎదురింటి పిన్నిగారి బాధ వేరే. హోర్డింగు కింద వరసగా బిగించిన ఫోకస్ లైట్లు తిన్నగా ఆవిడ పడకగదిలోకి కొట్టేవి. కిటికీకి దుప్పటి కడితే గాలి రాదు, తీస్తే పట్టపగలే. టీచరుగా చేసి రిటైరైన ఆవిడ, పొద్దున్నే లేచే అలవాటు. అర్ధరాత్రి దాటాక కూడా నిద్ర పట్టక అరుగు మీద కూర్చుని ఉండేవారు. "రాత్రి అనేది కూడా తీసేసుకున్నారర్రా" అని ఒకసారి అన్నారు. ఆవిడ కోపం ఎప్పుడూ గట్టిగా వినిపించేది కాదు, కానీ తగ్గేదీ కాదు.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది కానుగ చెట్టు. రోడ్డు పక్కన ఉండేది. కూడలికి వచ్చే బండ్లకి అది బోర్డులో సగం కనిపించనిచ్చేది కాదు. ముందు కొమ్మలు కొట్టేశారు. కరెంటు తీగలకి తగులుతున్నాయేమో అనుకున్నాం. తీగలు ఉన్నది అవతలి వైపు. ఆ ఎండాకాలం చెట్టు చిగురు వేసింది, మళ్లీ బోర్డుకి అడ్డం వచ్చింది. కొన్నాళ్లకి ఆకులు పచ్చగానే ఎండి రాలడం మొదలైంది. తాతగారు చెట్టు మొదలు దగ్గర మట్టి తవ్వి చూస్తే కాండం చుట్టూ వరసగా చిల్లులు, వాటిలో ఏదో పోసి మళ్లీ మట్టి కప్పారు. చిల్లులు ఏడు. ఒక్కోదాని లోతు పుల్లతో కొలిచి రాసుకున్నారు. ఆయన చెయ్యి వణకడం నేను చూసింది అప్పుడొక్కసారే. రిజిస్టరులో ఆ పేజీలో చెట్టు బొమ్మ గీసి, చిల్లులకి నంబర్లు వేసి, పక్కన చుట్టుకొలత రాశారు. కింద సంతకం, తేదీ. ఇంకేం రాయలేదు. చెట్టు దక్కలేదు.

కొలతల పని ఎలా ఉండేదో చెప్పాలి. పిల్లలకి అది సెలవు రోజుల ఆట, ఆయనకి మాత్రం కచ్చితంగా ఉద్యోగమే. టేపు ఒక కొస పట్టుకోవడం నా పని. మేడ మీదికి ఎక్కనివ్వరు కాబట్టి ఎత్తు నీడతో కట్టేవారు. ఎండ బాగా ఉన్న పూట ఆరడుగుల కర్రని నిలువుగా నిలబెట్టి దాని నీడ కొలిచేవాళ్లం, వెంటనే పరిగెత్తి హోర్డింగు నీడ కొస దగ్గర సుద్దముక్కతో గీత పెట్టేవాళ్లం. ఆలస్యమైతే నీడ జరుగుతుంది, లెక్క తప్పుతుంది. "కర్ర నీడకి కర్ర ఎంతో, బోర్డు నీడకి బోర్డు అంత. దీనికి ఏ ఆఫీసు పర్మిషనూ అక్కర్లేదు" అనేవారు. వెడల్పు గోడ వెంట టేపు పరిచి తీసేవాళ్లం. కూడలి మలుపు నుంచి ఎంత దూరం, సిగ్నల్ లైటు ఏ వైపు నుంచి కనబడటం లేదు, ఫుట్‌పాత్ మీద మనిషి నడవడానికి ఎంత మిగిలింది, అన్నీ రాసేవారు. స్కూల్లో సరూప త్రిభుజాల పాఠం వచ్చినప్పుడు లెక్కల మాస్టారు బోర్డు మీద గీయకముందే నాకు అర్థమైపోయింది.

రిజిస్టరు మొదటి పేజీలో ఒక పత్రిక కటింగ్ అంటించి ఉంది. 1997 నవంబరులో ఢిల్లీ ట్రాఫిక్ గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వార్త. రోడ్ల మీద డ్రైవర్ల దృష్టి మళ్లించే ప్రమాదకరమైన హోర్డింగులు తీసేయాలని అందులో ఉంది. "దేశంలో పెద్ద కోర్టు చెప్పాక మనం కొత్తగా అడిగేదేముంది? చెప్పింది చెయ్యమంటున్నాం" అని ప్రతి ఆఫీసులోనూ అదే మొదట చూపించేవారు.

ఆఫీసుల సంగతి ఎక్కువ రాయను, అందరూ పడినదే. రోడ్డు ఒకరిది, మేడ మీదిది ఇంకొకరిది, లైట్ల కనెక్షన్ మరొకరిది. మా పరిధి కాదన్న మాట ఎన్ని గొంతుల్లో విన్నామో. అయితే ఒక గుమాస్తా మాత్రం మాకు దారి చూపించాడు. బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి, నెమ్మదిగా చెప్పాడు: "ప్రతి బోర్డు కింద అనుమతి నంబరు రాయాలండీ. ఆ నంబరు రాసుకుని, అది ఏ చోటికి ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి." అడిగాం. మా కూడలి బోర్డు మీదున్న నంబరు అసలు మా పేటదే కాదు. ఊరి అవతల ఎక్కడో చిన్న బోర్డుకి ఇచ్చినది. అదే నంబరు మొత్తం మూడు చోట్ల ఉందని తాతగారు సైకిల్ మీద తిరిగి పట్టుకున్నారు. ఒక్క అనుమతి మీద మూడు బోర్డులు. ఇంజనీర్ ఇచ్చిన స్టెబిలిటీ సర్టిఫికెట్ కూడా ఆ చిన్న బోర్డుదే. అంటే మా నెత్తి మీదున్న ఇనుము నిలబడుతుందా లేదా అని ఏ ఇంజనీరూ ఎన్నడూ చూడలేదు.

అప్పుడు ఒక రోజు ఆఫీసు మనుషులొచ్చి ఫ్లెక్సీ చింపేశారు. పేటంతా చప్పట్లు కొట్టింది. తాతగారు మాత్రం కదల్లేదు. "ఫ్రేము ఉందిగా" అన్నారు. వారం తిరక్కుండా అదే ఫ్రేముకి కొత్త బొమ్మ ఎక్కింది. ఈ తంతు చాలాసార్లు జరిగింది. చింపడం, ఫొటో తీయడం, చర్య తీసుకున్నామని జవాబు రాయడం, మళ్లీ ఎక్కడం. జరిమానా వేసినా ఫ్లెక్సీ ఒక నెల ఉంటే వచ్చే అద్దె ముందు అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత బోర్డు తీయకుండా కోర్టు స్టే వచ్చింది. స్టే వచ్చిన కేసు మళ్లీ ఎప్పుడు పిలుపుకొస్తుందో ఎవరికీ తెలియదు. చింపి కింద పడేసిన గుడ్డలు కాలవలో ఇరుక్కుని, వానాకాలం మురుగు వీధిలోకి పొంగేది. ఎవరో పోగేసి తగలబెడితే ఆ పొగకి కళ్లు మండిపోయేవి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, డయాక్సిన్లు వస్తాయి. అప్పుడు మాకు ఆ పేర్లు తెలియవు, దగ్గు మాత్రం తెలుసు.

అప్పుడే పిన్నిగారు ఇంకో దారి తీశారు. హోర్డింగు వాళ్లకి కాకుండా, దాని మీద ప్రకటన వేయించుకున్న కంపెనీలకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. చక్కటి గుండ్రటి అక్షరాలు, పెద్ద గొడవేం లేదు: "మీ ప్రకటన అనుమతి లేని బోర్డు మీద ఉంది. దాని వెలుతురుకి నాకు నిద్ర లేదు. అది తీసేవరకు మీ వస్తువు మా వీధిలో ఏ ఇంటివాళ్లూ కొనరు." నిజంగానే ఇల్లిల్లూ తిరిగి ఒప్పించారు. ఒక కంపెనీ క్షమాపణ చెబుతూ జవాబు రాసింది, బొమ్మ తీయించింది. తర్వాత వచ్చినది కూడా ఎక్కువ నాళ్లు ఉండలేదు. చాలా ఏళ్లకి అమెరికాలోని హవాయి దీవుల సంగతి చదివినప్పుడు నాకు పిన్నిగారే కళ్లముందు కనిపించారు. అక్కడ 1912లో హొనొలులు ఆడవాళ్లు కొందరు సంఘంగా ఏర్పడి చేసింది ఇలాంటి పనే. హోర్డింగుల మీద కనిపించే వస్తువులు కొనవద్దని ప్రచారం చేశారు, చివరికి హోర్డింగుల కంపెనీనే కొనేసి మూసేశారు. 1927లో చట్టం వచ్చింది. ఈనాటికీ హవాయిలో హోర్డింగులు లేవు. ఆ చరిత్ర ఆవిడకి తెలిసే అవకాశం లేదు. నిద్రలేని రాత్రులే ఆవిడకి ఆ ఉపాయం చెప్పాయి.

బ్రెజిల్‌లో సావో పాలో సంగతి కూడా అలాగే ఆలస్యంగా తెలిసింది. అంత పెద్ద నగరంలో 2007 జనవరి 1 నుంచి బయటి ప్రకటనలన్నీ నిషేధించారు. వేల హోర్డింగులు దిగాయి. దిగాక చూస్తే వాటి వెనక ఇన్నాళ్లూ కనపడకుండా పోయిన మురికివాడలు బయటపడ్డాయట. అది చదివి చాలాసేపు ఆలోచించాను. మా కూడలి బోర్డు వెనక కూడా గుట్ట ఒక్కటే లేదు. గుట్ట కింద రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలు ఉండేవి. వానకి వాళ్ల కప్పులు లేచిపోయినప్పుడు ఇటునుంచి చూసి పేటవాళ్లు పరిగెత్తేవారు. బోర్డు వచ్చాక అక్కడ ఏం జరుగుతోందో మా వీధికి తెలియడం మానేసింది. ఆ గుడిసెలు ఎప్పుడు ఖాళీ అయ్యాయో మాలో ఒక్కరూ చెప్పలేరు. నాకు ఇదే ఎక్కువ బాధ.

గాలివానలు వచ్చిన రాత్రుల గురించి కూడా చెప్పాలి. ఫ్రేము కిర్రుమంటూ ఉండేది, గుడ్డ తటతటా కొట్టుకునేది. తాతగారు గొడుగేసుకుని వచ్చి కూడలికి ఇవతలే మనుషుల్ని ఆపేవారు. "ఇటు రాకండి బాబూ, ఆ పక్కనుంచి వెళ్లండి" అంటూ అపరిచితులకి కూడా దణ్ణం పెట్టి చెప్పేవారు. కొందరు వినేవారు, కొందరు విసుక్కుని వెళ్లిపోయేవారు. ఆయన భయం ఎంత నిజమో తర్వాత దేశమంతా చూసింది. 2019 సెప్టెంబరులో చెన్నైలో డివైడర్ మీద కట్టిన పెళ్లి బ్యానర్ ఊడి స్కూటర్ మీద వెళ్తున్న 23 ఏళ్ల ఇంజనీరమ్మాయి మీద పడింది. ఆ అమ్మాయి రోడ్డు మీద పడగానే వెనక వస్తున్న ట్యాంకర్ ఎక్కేసింది. 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో గాలిదుమారానికి హోర్డింగు పెట్రోల్ బంకు మీద కూలి 17 మంది చనిపోయారు. అది 120 అడుగుల పొడవు, 120 అడుగుల ఎత్తు ఉంది. అక్కడి కార్పొరేషన్ నిబంధన ప్రకారం 40 అడుగులు దాటకూడదు. ఆ వార్త చదువుతుంటే, పెన్సిల్‌తో కొలతలు రాసుకునే ఆ చెయ్యే గుర్తొచ్చింది. అప్పటికే ఆయన పోయారు, పిన్నిగారూ పోయారు.

ఘాట్‌కోపర్ తర్వాతే మా వైపు కూడా తనిఖీలు మొదలయ్యాయి. పాత నంబరు కథ మళ్లీ బయటికొచ్చింది, ఈసారి తాతగారి కొలతల జెరాక్సులే ఫైల్లో పెట్టారు. ఫ్రేము దించే రోజు మేమందరం కూడలికి దూరంగా నిలబడ్డాం. నేను పనివాళ్లని అడిగి మరీ నిర్ధారించుకున్నాను, పైనుంచి ముక్కలుగా కోస్తున్నారా కింద నుంచా అని. 2018 అక్టోబరులో పుణెలో తీసేస్తున్న హోర్డింగే సిగ్నల్ దగ్గర ఆగిన బండ్ల మీద పడి నలుగురు పోయారు. ఇక్కడ క్రేన్ పెట్టి పైనుంచే కోశారు. గ్యాస్ కట్టర్ నిప్పురవ్వలు రాలుతుంటే మేడ యజమాని కొడుకు ఒక్క మాటా మాట్లాడకుండా చూస్తూ ఉన్నాడు. స్లాబు మరమ్మతు ఇంకా జరుగుతోంది.

గుట్ట కనిపిస్తుందేమో అని కొందరు ఆశపడ్డారు. వెనక అపార్టుమెంట్లు వచ్చేశాయి, కనిపించదు. కానుగ చెట్టు చోట ఇంకో మొక్క పెట్టాం, వీధిలో పిల్లలు నీళ్లు పోస్తున్నారు.

ఇప్పుడు అదే కూడలిలో డిజిటల్ స్క్రీన్ పెట్టాలని ఎవరో దరఖాస్తు చేశారు. ఫోకస్ లైట్లని రాత్రి ఆర్పమని అయినా అడగొచ్చు, ఇదంతా వెలుగే. బొమ్మ కదులుతూ ఉంటుంది, మలుపు తిరిగే డ్రైవర్ కన్ను అటే పోతుంది. ఈసారి లేచాక కొలవడం కాకుండా, లేవకముందే అడుగుతున్నాం. స్తంభం పునాది డిజైన్ ఎవరు చేశారు, రాత్రి వెలుతురు ఎంతకి తగ్గిస్తారు, ఎన్ని గంటలకి ఆపేస్తారు, సిగ్నల్ నుంచి ఎంత దూరం, కొత్త మొక్క పెరిగి అడ్డం వస్తే ఎవరి మాట చెల్లుతుంది. ప్రశ్నలన్నీ రాసి, వీధిలో అందరిచేత సంతకాలు పెట్టించి, టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నాం.